తిరిగొచ్చిన చీర

గాయత్రి అమలాపురంలో ఒక ఇంటర్నెట్ సెంటర్లో పనిచేసేది. టైపింగుతో మొదలుపెట్టి, చూసి చూసి నేర్చుకుని, వెబ్‌సైట్లు తయారుచేసే దాకా వచ్చింది. ఊరు కొత్తపేట అవతల, గోదావరి గట్టుకి లోపల, ఏటివైపున్న లంక. అక్కడ తండ్రి కొండయ్య గుంట మగ్గం మీద నూలు చీరలు నేసేవాడు, తల్లి అప్పాయమ్మ కండెలు చుట్టేది. నూలిచ్చి, నేసిన చీరలు పట్టుకెళ్ళేది అమలాపురంలో బట్టల కొట్టున్న షావుకారు కేశవరావు.

ఆ కొట్టుకి అప్పటికే ఒక వెబ్‌సైటు ఉంది. పైన మిణుకుమిణుకుమనే అక్షరాల్లో కొట్టు పేరు, మధ్యలో ఊరికే తిరిగే దీపం బొమ్మ, అడుగున ఫోన్ నంబరు, అంతే. అది చూసి ఒక్కరూ ఫోన్ చేసింది లేదు. 2006 మొదట్లో కేశవరావు గాయత్రిని కొట్టుకి పిలిపించాడు.

“ఇదంతా తీసేసి కొత్తగా చెయ్యాలమ్మా. ఎక్కడో కూచున్నావిడ చీర చూసుకుని, కార్డుతో డబ్బు కట్టేసేలాగుండాలి. నీవల్ల అవుద్దా?”

“ఆయ్, చేస్తానండి,” అంది.

అడ్డొచ్చింది కంప్యూటరు కాదు, చీరలు. మిల్లు బట్టలాగా ఒక రకానికి వంద ఉండవు. ఒక్కో చీర ఒక్కటే. ఎవరైనా కొన్న మరుక్షణం అది పేజీలోంచి పోవాలి, లేదంటే అదే చీర ఇద్దరికి అమ్మినట్టవుతుంది. రంగు ఉన్నదున్నట్టు పడడానికి చీరలన్నీ లంకకి తెచ్చి, పెరట్లో పొద్దుటెండకి దండెం మీద ఆరేసి ఫొటోలు తీసింది. కొండయ్య గుమ్మంలో నిలబడి చూశాడు.

“చెయ్యెట్టి చూడకుండా ఎవరు కొంటారే?”

“అందుకే నచ్చకపోతే వెనక్కి పంపొచ్చని పెడతన్నాను నాన్నా.”

“వెనక్కా?” అన్నాడు. నేసిన చీర వెనక్కి రావడం అతని ఎరుకలో లేదు. ఉన్న లోపమేదో షావుకారు అక్కడికక్కడే చూపించేవాడు.

ఆ ఎండాకాలంలో కొట్టు తెరిచినట్టు సైటు తెరిచారు. ప్రతి చీర పక్కనా నేసినవాళ్ళ పేరు పెట్టింది గాయత్రి. ఆర్డర్లు మెల్లగా వచ్చాయి. బెంగుళూరు నుంచి ఒకావిడ ఫోన్ చేసి కొండయ్యగారి చీర ఇంకోటి కావాలని అడిగిందంటే, కొండయ్య ఆ మాట కూతురిచేత రెండోసారి చెప్పించుకున్నాడు. ఆవిడడిగిన రంగు సిద్ధంగా లేదు. నేయించి పక్షం రోజుల్లో పంపుతామని గాయత్రే రాసింది.

ఆ చీర మగ్గం మీదుండగానే ఆగస్టులో గోదావరి పొంగింది.

ధవళేశ్వరం దగ్గర ప్రమాద హెచ్చరిక ఎగరేశారని విని గాయత్రి దొరికిన బస్సెక్కి ఇంటికొచ్చింది. లంకలో వాళ్ళుండే సాలెల పేటలో జనం మూటలతో గట్టు మీదికి నడుస్తున్నారు. మగ్గం గుంటలో నేలలోంచి ఊరిన నీళ్ళు అప్పటికే నిలిచున్నాయి. కొండయ్య మోకాళ్ళ దాకా ఆ మురికినీళ్ళలో కాళ్ళు పెట్టుకుని నేస్తున్నాడు.

“లే నాన్నా, వెళ్ళిపోదాం.”

“మూరెడే ఉందే. వదిలేస్తే మొత్తం పాడైపోద్ది.”

“పోతే పోయింది. ఆవిడకి నేను చెప్పుకుంటాను.”

“ఏమని చెప్తావు? కేశవరావుగారైతే మన సంగతి తెల్సినాయన. ఆవిడకి మనవెవరో తెలీదు. తెలీని మనిషి డబ్బు ముందే ఇచ్చేసింది. అమ్మని తీసుకుని నువ్వు నడు.”

గాయత్రి తల్లిని గట్టెక్కించింది. పొద్దువాలే వేళకి కొండయ్య ఛాతీ లోతు నీళ్ళలో నడిచొచ్చాడు. నెత్తిమీద యూరియా గోతం, గోతంలో చీర. ఒక్క చుక్క తడి తగల్లేదు. గట్టు మీదున్నవాళ్ళు చెయ్యిచ్చి లాగారు. మర్నాటికి పేటలో ఇళ్ళ కప్పులే కనబడ్డాయి.

దార్లు బాగుపడగానే గాయత్రి చీరని కొరియర్లో వేసింది. ఆ వారమే కొండయ్యకి జ్వరం పట్టుకుంది. పిక్కల్లో నొప్పులన్నాడు, తర్వాత కళ్ళు పచ్చబడ్డాయి. కాకినాడ ఆస్పత్రికి తీసుకెళ్ళారు. మురుగునీళ్ళలో నానితే వచ్చే జ్వరమనీ, మూత్రపిండాలకి ఎక్కేసిందనీ చెప్పారు. అక్కడే పోయాడు.

పెద్దకర్మ అయిన వారానికి చీర తిరిగొచ్చింది. ‘చివర్లో నేత సరిగా లేదు’ అని చీటీ రాసి పెట్టింది బెంగుళూరావిడ. గాయత్రి ఒళ్ళు మండిపోయింది. ఫోన్ చేసి నాలుగూ అడిగేద్దామని నంబరు కూడా వెతికింది. అప్పాయమ్మ చీర ఒళ్ళో వేసుకుని కొసదాకా మడతలు విప్పింది. చివరి మూర దగ్గర ఆమె వేళ్ళు ఆగాయి. అక్కడ అడ్డంగా నేసే పేక పోగు వదులుగా, ఒకచోట పలచగా, ఒకచోట ముద్దగా పడి ఉంది.

“ఆవిడ్నేం అనకే. నిజవే రాసింది,” అంది. “చలికి కాళ్ళు కొంకర్లు పోయుంటాయి. మగ్గం తొక్కలేకపోయేడు.”

అప్పుడు ఏడ్చింది గాయత్రి. ఆస్పత్రిలో ఏడవలేదు, శ్మశానానికి తీసుకెళ్తుంటే ఏడవలేదు.

కేశవరావు చెడ్డవాడు కాదు. “చీర మీ దగ్గరే ఉంచుకోండమ్మా,” అన్నాడు. అప్పాయమ్మ తల అడ్డంగా ఊపింది. ఇంట్లో ఉంటే రోజూ తీసి ఆ మూరే తడుముకుంటాను, వద్దంది. గాయత్రి దాన్ని మళ్ళీ సైటులో పెట్టింది. ‘కొస మూరెడు నేత వదులు’ అని రాసింది. ఎందుకో రాయలేదు. విజయవాడ నుంచి ఎవరో తగ్గించిన ధరకి కొనుక్కున్నారు. కొన్న మరుక్షణం, తను కట్టిన ఏర్పాటు ప్రకారమే, కొండయ్య పేరుతో సహా ఆ చీర పేజీలోంచి పోయింది.

ఆ వరదకి పేటలో మగ్గాలన్నీ ఒండ్రులో కూరుకుపోయాయి. సాయం వస్తుందన్నారు. వచ్చింది తినడానికే చాల్లేదు. పక్కింటి బుచ్చమ్మ కొడుకు మండపేట రైసుమిల్లులో బస్తాలు మొయ్యడానికి పోయాడు. ఇంకొందరు అంబాజీపేటలో కొబ్బరికాయల లారీల దగ్గర కుదిరారు. సైటుకి మాత్రం అప్పుడే జనం అలవాటుపడ్డారు. దసరా ముందు, డబ్బు ముందే కట్టి నేయించి పంపమంటూ ఒకేసారి బోలెడు ఆర్డర్లొచ్చాయి. గాయత్రి ఫోన్ చేసి కేశవరావుకి చెప్పింది.

“నేసేవాళ్ళేరమ్మా?” అన్నాడు.

గాయత్రి ఆ మధ్యాహ్నమంతా కూర్చుని, కట్టిన డబ్బు ఒక్కొక్కరికీ వెనక్కి పంపించింది. ఒకావిడ మాత్రం, ఎన్నాళ్ళైనా ఆగుతానని తిరిగి రాసింది.