కనిపించని తాళంచెవులు

మిలిటరీలో రిటైరైన మా ఆయనకు లైసెన్సు రివాల్వర్ ఉండేది. చిల్కానగర్‌లోని మా ఇంట్లో దాన్ని ఇనుప లాకర్‌లో, తూటాలను వేరే పెట్టెలో పెట్టి తాళాలు వేసేవాడు. తాళంచెవులు దేవుడి పటం వెనక ఉండేవి. మా అమ్మ చనిపోయిన నెల రోజులకు దుమ్ము దులుపుతుంటే అవి అక్కడ లేవు. గమనిస్తే, స్నానానికి వెళ్లేటప్పుడు కూడా ఆయన వాటిని వెంట తీసుకెళ్తున్నాడు. నా దగ్గర ఏం దాస్తున్నాడోనని నాలుగు రోజులు కనిపెట్టి చూశాను.

చివరికి, "నా మీద అనుమానమా?" అని అడిగేశాను.

"అవును. మీ అమ్మ పోయినప్పుడు బతకబుద్ధి అయితలేదన్నవ్ గదా. గప్పటి సంది నాకు నిద్ర పడ్తలేదు."

ఆ మాట అన్నట్టు నాకే గుర్తులేదు. ముందు కోపం వచ్చింది, తర్వాత భయమేసింది.

"అయితే రివాల్వర్ ఇంట్లెందుకు? ఠాణాల అప్పజెప్పు," అన్నాను.

మర్నాడు పొద్దున్నే వెళ్లి అప్పజెప్పి రసీదు తెచ్చాడు. సాయంత్రం నన్ను డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాడు. నేను కుదుటపడేదాకా రివాల్వర్ ఠాణాలోనే ఉంది.