మైకన్న మెల్లగా పాడాల్సిన శుక్రవారం

ఆ రోజుల్లో ఖతార్‌లో భూమిలోంచి నూనె పొంగుతుంటే, మెసైమీర్ దిక్కున మా పనివాళ్ళ క్యాంపులో జనం పొంగేవాళ్ళు. నాకప్పటికి ఇరవై నిండలేదు. ఒక్కచోట కుదురుగా కూర్చున్న పాపాన పోలేదు. కాళ్ళు ఆగితే వేళ్ళాడేవి, వేళ్ళాగితే నోరాడేది. ఆ కుదురులేనితనానికి పని కల్పించినవాడు మైకన్న. జగిత్యాల దిక్కు పెళ్ళిళ్ళలో బ్యాండు వెంట పాడీ పాడీ వచ్చిన మనిషి, మైకు అక్కర్లేని గొంతు. శుక్రవారం సెలవునాడు మెస్సులో ఆయన విరహగీతం ఎత్తుకుంటే, నేను ఖాళీ నూనె డబ్బా మీద దరువేసేవాణ్ణి. పెళ్ళికానివాళ్ళు కూడా పెళ్ళాన్ని తలచుకుని ఏడ్చేవాళ్ళు. (నేనూ ఏడ్చాను. ఎవరికోసమో ఇప్పటికీ తెలియదు.)

అలాంటి మనిషి ఒకసారి సెలవు మీద ఊరికి పోయి, భార్య పెద్ద జబ్బు నుంచి బతికి బయటపడిందని బాప్తిస్మం తీసుకుని వచ్చాడు. "సినిమా పాటలు బందు తమ్మీ. ఇగ దేవుని పాటలే," అన్నాడు. క్యాంపుకు చావు కబురు వచ్చినట్టయింది. "పాట లేకుంటే బువ్వ దిగుతలేదుర," అని మా వంటమనిషి, తన వంట తప్పేమీ లేనట్టు, వాపోయాడు. ఇంతలో అల్ ఘర్రాఫాలో ఒక విల్లా హాల్లో ప్రార్థన చేసుకునే తెలుగు సంఘం వాళ్ళు మైకన్నను ఒక శుక్రవారం వచ్చి పాట పాడి, వాక్యం చెప్పమన్నారు. "నచ్చితే పాస్టరును జేస్తరట. లేకుంటే మళ్ల మీ దగ్గర్నే. నువ్వు నా ఎంట ఉండు తమ్మీ, ఒక్కణ్ణే పోవాల్నంటే భయమైతుంది," అన్నాడు. పైకి ధైర్యం చెప్పాను గానీ, ఆయన వాళ్ళకు నచ్చకూడదని లోలోపల మైసమ్మకు మొక్కుకున్నాను.

శుక్రవారం కంపెనీ పికప్పులో సగం క్యాంపును ఎక్కించుకుని పోయాను. హాల్లో కిటికీలన్నీ మూసేశారు. సంఘపెద్ద, కాకినాడ వైపు ఆయన, గుమ్మంలోనే చెప్పాడు: "మెల్లగా పాడుకోవాలండీ. చప్పుడు బయటికెళ్తే ఓనరు ఇల్లు ఖాళీ చేయించేస్తాడు." బుద్ధిగా తలలూపాం. మైకన్న లేచి, వాక్యానికి ముందు పాటని, బుద్ధెరిగాక మొదటిసారి గొంతు తగ్గించి పాట మొదలుపెట్టాడు. పాడటమా అది, కడుపునొప్పితో మూలిగినట్టుంది. మా క్యాంపులో ఒక రివాజు: పాడేవాడు జంకితే వినేవాళ్ళు ఊరుకోరు. "గొంతిడువన్నా! యల్లా, కానియ్!" అని వెనకనుంచి వంటమనిషి కేక. అంతే, వద్దని మొక్కుకున్న నా వేళ్ళే నా మాట వినకుండా ముందు కుర్చీ మీద దరువందుకున్నాయి. మైకన్న కళ్ళు మూసుకుని గొంతు విడిచాడు. భార్య మంచం పక్కన దిగమింగుకున్న ఏడుపంతా ఆ పాటలోకి వచ్చేసింది. నా ఒళ్ళు జల్లుమంది.

పాట ఆగేసరికి డోర్‌బెల్ మోగింది. పై ప్రాణాలు పైనే పోయాయి. సంఘపెద్ద తలుపు తీస్తే ఎదురుగా ఇంటి ఓనరు, ముసలి అరబ్బాయన. మా అందరినీ చూశాడు, తడిసిపోయిన మైకన్న మొహమూ చూశాడు. "శ్వయ్ శ్వయ్," అంటూ అరచెయ్యి కిందికి ఆడించి (మెల్లగా, మెల్లగా అని) వెళ్ళిపోయాడు. సంఘపెద్ద గడియ పెట్టి, కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. ఇక వాక్యం సంగతే ఎత్తకుండా, "వచ్చే శుక్రవారం కాస్త మెల్లగా పాడాలండీ, పాస్టరు గారూ," అన్నాడు. మావాళ్ళు సంబరంగా చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం చేతులు రాలేదు.

ఆయన్ని సంఘం వాళ్ళు భోజనానికి ఆపేశారు. మేం ఆయన లేకుండానే పికప్పులో తిరిగొచ్చాం. ఆ తర్వాత ఆయన ఎన్నో ఏళ్ళు పాస్టరుగానే ఉన్నాడు, ఎన్నో కాపురాలు నిలబెట్టాడు. ఇప్పుడు ఆ కుదురులేని కుర్రాణ్ణి తలచుకుంటే నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. పాటగాణ్ణి వెనక్కి తెచ్చుకుందామని పికప్పు నిండా జనాన్ని వేసుకుపోయి, దగ్గరుండి దరువేసి మరీ అప్పగించి వచ్చాడు, పిచ్చి సన్నాసి.