నంజుండప్పను అడగాల్సిన మాట

నంజుండప్ప గారి మొదటి నాటకాన్ని మా కాలేజీ పిల్లలతో వేయించాలనుకున్నాను. ఆయన పుంగనూరు రైతుబిడ్డ. మదనపల్లెలో నాటకాలాడించి, మద్రాసు వెళ్ళి సినిమాలు తీసి, ఇప్పుడు కుప్పంలో ఉంటున్నారు. అనుమతి కావాలంటే మనిషి రావాల్సిందే అన్నారు. శనివారం ఉదయం ఆరున్నరకు వాల్మీకిపురంలో పల్లెవెలుగు ఎక్కాను. ఆధార్ చూపిస్తే కండక్టరు జీరో టికెట్ కొట్టిచ్చాడు.

మదనపల్లెలో దిగి ముందు ఎస్తేరమ్మ ఇంటికి వెళ్ళాను. రిటైరైన నర్సు. ఆ నాటకంలో తల్లి వేషం మొదట వేసింది ఆవిడే. చివర్లో కొడుకు శవం ఇంటికొస్తే, ఆ తల్లి జనానికి వీపు పెట్టి మాట లేకుండా నిలబడుతుంది. ఆయనకు పేరు తెచ్చింది ఆ రంగమే. అంత బాగా ఎలా చేశారని అడిగాను.

"చేసిందేముందమ్మా! ఆ పొద్దు పుంగనూర్లో ఆట. ఆకరి సీనుకి ముందర ఆయనొచ్చి, మీ నాయన పోయినాడంట అన్యాడు. ఏడుపు జనానికి కనపడకూడదని తిరుక్కున్యా. కబురే ఆలస్యంగా వచ్చింది. నేను పోయేలోపల మట్టి చేసేసినారు." కాఫీ నా చేతికిచ్చారు. "సీను అయినాక సెప్పుంటే ఏం పోతాండె? ఎందుకని అప్పుడే సెప్పినాడో అడిగి రామ్మా."

ఆ తర్వాత ఆవిడ మళ్ళీ వేషం కట్టలేదు.

పుంగనూరులో ఇడ్లీ తిని కుప్పం బస్సెక్కాను. పక్కసీటు పెద్దాయన ఆ నాటకం చూశాడట. "ఆయమ్మ అట్ల నిలబడితే మా ఊరోళ్ళంతా ఊపిరి పట్టుకున్యారు తల్లీ" అన్నాడు. వి.కోట దగ్గర దిగిపోయాడు.

మధ్యాహ్నం రెండు దాటాక కుప్పం చేరాను. నంజుండప్ప గారు వరండాలో కూర్చుని ఉన్నారు. అనుమతి సంగతి పక్కన పెట్టి, ఎస్తేరమ్మ మాటే ముందు అడిగాను.

"రిహార్సల్లో ఆ సీను ఒక్కసారి గూడా కుదర్లేదు. కబురు మద్దేన్నమే వచ్చింది. నేనే దాచిపెట్టినా. సీను ముందర సెప్తే కుదురుతాదనుకున్యా. కుదిరింది."

"కబురు ఆలస్యంగా వచ్చిందనే అనుకుంటున్నారు సార్ ఆవిడ. మీరే చెప్పొచ్చు కదా?"

"ఏం మొగం పెట్టుకోని పొయ్యేదమ్మా? నువ్వు ఉండేది ఉన్నట్టు సెప్పు. నాటకం ఏసుకో. ఆ సీను మాత్రం ఆమె ఎట్ల సెప్తే అట్ల చెయ్యి."

ఆ రాత్రి బస్టాండు ఎదుటి లాడ్జిలో పడుకున్నాను. నిద్ర సరిగా పట్టలేదు. ఆదివారం ఉదయం ఏడింటి బస్సులో బయల్దేరాను. చెప్పకుండా ఉంటే ఆవిడ మనసు కాస్త కుదుటగా ఉంటుందేమో అని పలమనేరు దాకా అనిపించింది. నేనూ దాస్తే ఆయన చేసిన పనే అవుతుంది కదా అనుకుని, మదనపల్లెలో దిగి ఆవిడకు చెప్పేశాను.

"మద్దేన్నమా?" అన్నారు ఎస్తేరమ్మ. లోపలికి వెళ్ళి ఎంతకీ రాలేదు. మొహం కడుక్కుని వచ్చాక అడిగారు: "తల్లి వేషం ఎవురేస్తాండారు?"

"డిగ్రీ చదివే పాప."

"నా దగ్గరికి పిల్చుకోని రా. ఈ తూరి జనం దిక్కు మొగం పెట్టే నిలబడాల. ఎట్లనో నేను నేర్పిస్తా."

వాల్మీకిపురం బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. నంజుండప్ప గారు గొప్ప దర్శకుడన్న మాట ఇప్పటికీ కాదనను. ఆ పాపను మాత్రం వచ్చే ఆదివారం ఎస్తేరమ్మ ఇంట్లో దింపి, ఆ రంగం ఆవిడకే వదిలేసి నేను గుమ్మం బయటే కూర్చుంటాను.