తలకాడ కూర్చున్న మామ

మా కాంపౌండర్ మామ పోయినాడని మొన్న పొద్దున పులివెందుల బస్సు దిగినవాళ్లు చెప్పారు. మగ్గం మీది చీర దిగినాక వస్తానని ఆయనకు మాటిచ్చి ఉన్నాను. ఇంకా మూరెడు మిగిలింది. ఆ మూరెడు తగలబడ!

ఆయన మాకు చుట్టం కాదు, సాయిబు. జమ్మలమడుగు ఆసుపత్రిలో ఆపరేషన్లప్పుడు మత్తిచ్చే డాక్టరు పక్కన ఉండేవాడు. కర్నూలు రాజధానైన కొత్తలో, ప్రొద్దుటూరులో మా మగ్గం గుంతలోకి జారిపడి మోకాలిచిప్ప పగలగొట్టుకుని, అది పుండు పడ్డాక అక్కడికి వెళ్లాను. కాలు వంగకపోతే మగ్గం తొక్కలేను. తొక్కకపోతే మా ఇంట్లో పొయ్యి వెలగదు.

మత్తు రెండు రకాలన్నారు. ముక్కు మీద గుడ్డ వేసి ఈథరు వాసన చూపించి నిద్రపుచ్చడం ఒకటి. నడుములో సూది వేసి కాళ్లు మాత్రం మొద్దుబార్చడం ఇంకొకటి. నా కాలు కోస్తుంటే మెలకువగా ఉండటమా, నాయనో! నిద్రే పుచ్చమన్నాను. అయితే ఏమీ తినొద్దన్నారు.

మా అమ్మ ఊరుకుంటుందా? పొద్దున్నే కొంగుచాటున సంగటి తెచ్చి, "ఉత్తకడుపుతో కోయించుకుంటావా నాయనా" అని రెండు ముద్దలు కుక్కింది. డాక్టరు అడిగితే ఇద్దరమూ తినలేదనే చెప్పాం.

మామ మాత్రం రోగిని అడిగేవాడు కాదు. వరండాలో అమ్మ పక్కన చతికిలబడి, "అక్కా, మీవాణ్ని పస్తు పెట్టేదానికి మనసెట్లొచ్చింది?" అన్నాడు.

"యాడ పస్తు పెట్టినానప్పా! రెండు ముద్దలు తినిపించినా" అనేసింది అమ్మ.

ఆయన తిట్టలేదు. "చెప్పి శానా మేలు చేసినావక్కా. ఆ మత్తులో తిన్నది గొంతుకొస్తే ఊపిరాడదు" అన్నాడు. తనే పోయి డాక్టరుకు చెప్పాడు.

పుండు ముదురుతోంది, ఆగేందుకు లేదని డాక్టరు నడుములో సూదే వేశాడు. కాళ్లు నావి కాకుండా పోయాయి. ఎముక మీద పనిముట్ల చప్పుడు మాత్రం వినబడుతోంది. ఏడ్చేశాను. మామ నా చెవి పట్టుకుని తన వైపు తిప్పుకున్నాడు.

"అట్ల చూడాకు. తలకాడ్నే ఉండా, యాడికీ పోను. తెగిన పోగు ఎట్లతుకుతావో చెప్పు."

చెప్పాను. కుట్లు పడేదాకా మళ్లీ మళ్లీ చెప్పించాడు. ఆ కాలుతోనే ఇన్నేళ్లూ నేస్తున్నాను.

పోయిన నెల పులివెందులలో కూతురింట్లో మంచాన పడి ఉంటే చూడబోయాను. "భయమైతాందిరా. రెండు దినాలుండు" అన్నాడు. అంతమంది భయం తీసిన మనిషి! మగ్గం మీద చీరుందని లేచి వచ్చేశాను.

మొన్న నేను చేరేసరికి మట్టి చేసేశారు. అందరూ వెళ్లాక సమాధి దగ్గర, ఆయన తల వైపు కింద కూర్చున్నాను. మోకాలు సుళువుగా వంగింది. "మామా, తలకాడ్నే ఉండా" అన్నాను. యాడికీ పోనని మాత్రం అనలేకపోయాను.