ఆపరేటరు గారు జరిపిన మంచం

మా పక్కింటి ఆపరేటరు గారు పోయారని మొన్న మంగళవారం పొద్దున్నే, గుమ్మంలో పాలు పోయించుకుంటూ ఉండగా తెలిసింది. నా నోట ముందుగా వచ్చిన మాట "హమ్మయ్య". తప్పుగా అనుకోకండి. ఆరు నెలలుగా ఆయన ఆయాసంతో నడుం వాల్చలేక, గోడకు దిండ్లు ఆనించుకుని కూర్చునే నిద్రపోయారు. ఆ గోడకు ఇవతల మేము. ఆ దగ్గు విన్నవాళ్ళెవరైనా నాలాగే అంటారు. తెల్లవారుజామున కాఫీ అడిగి, భార్య గ్లాసు తెచ్చేలోగా వెళ్ళిపోయారట. ఆవిడ ఏడుస్తూనే, ఎక్కువ బాధపడకుండా పోయారని మాకు ధైర్యం చెప్పింది.

ఆయన బెజవాడలో ఒక సినిమా హాల్లో ప్రొజెక్టరు ఆపరేటరుగా పాతికేళ్ళు పనిచేశారు. పటమటలో మా వీధి మొత్తానికి ఆయన పేరే ఆపరేటరు గారు. కొత్త బొమ్మ పడినరోజు, మొదటి ఆట మొదలవగానే మెషిను అసిస్టెంటుకు అప్పజెప్పి కిందికి దిగేవారు. ముందు బెంచీల్లో ఓ మూల, గోడవారగా, ఫ్యాను గాలి కూడా తగలనిచోట కూర్చుని కళ్ళు మూసుకుని వినేవారు. బాల్కనీలో కూర్చుంటే ఏ స్పీకరైనా బాగానే ఉంటుందట. అక్కడెందుకండీ కూర్చోవడం అని ఎవరైనా అడిగితే, "బెంచీ వాళ్ళూ టిక్కెట్టు కొన్నారు కదండీ" అనేవారు. ఇంతకు మించి పెద్ద మాటలు ఆయన నోట నేనెప్పుడూ వినలేదు.

ఇక మా ఇంటి సంగతి. ఆరేళ్ళ కిందట, నేను కాలేజీలో చేరిన ఏడాది. నాన్నకు ఆటోనగర్‌లో లారీ విడిభాగాల షాపు. ఇబ్రహీంపట్నంలో థర్మల్ స్టేషను పనులు మొదలై కంకర లారీలు, ఇసుక లారీలు తెగ తిరుగుతున్న రోజులు. చేతిలో నాలుగు డబ్బులు ఆడేసరికి ఆయనకు ఇంట్లో సినిమా హాలు పెట్టాలనిపించింది. బొమ్మ లేకపోయినా పరవాలేదట, శబ్దం మటుకు హాల్లోలాగే రావాలట.

నిజానికి అప్పుడు మా ఇంట్లో పాటలు వినే పరిస్థితి లేదు. నానమ్మ పిలిస్తే అమ్మ పలకడం లేదు. పోనీ ఎప్పుడూ పలకదా అంటే, అదీ కాదు. ఒకసారి పలుకుతుంది, ఒకసారి గోడలా నిలబడుతుంది. "చెవిటిదైతే జాలిపడేదాన్ని. దీనికి ఇష్టమైతే వినపడుద్ది, లేకపోతే లేదు" అని నానమ్మ వీధిలో అందరికీ చెప్పేది. ఇక ఆ ఇంట్లో ఉండనని, ఉగాది వెళ్ళగానే గుడివాడలో బాబాయి దగ్గరికి పోతానని తేల్చేసింది. తల్లి ఇల్లు విడిచిపోతే పదిమందిలో తలెత్తుకోలేనని నాన్న అమ్మతో మాట్లాడటం మానేశారు. అమ్మ తల వంచుకుని వండేది, వడ్డించేది. నాకూ ఆవిడ మీద కోపంగానే ఉండేది. ఒక్క మాట పలికితే ఏం పోయిందీ అని.

అలాంటప్పుడు ఒక ఆదివారం, చర్చి నుంచి వస్తూ వస్తూ తెల్లబట్టలతోనే మా ఇంట్లోకి వచ్చారు ఆపరేటరు గారు. నాన్న ఎన్ని వాట్లది కొనాలని అడుగుతుంటే, ఆయన హాలు నాలుగు మూలలా తిరుగుతూ చప్పట్లు కొడుతున్నారు. నానమ్మ ఆయనకు మతి పోయిందేమోనని నా వంక చూసింది. చప్పట్లయ్యాక, "ముందు గది విందామండీ, పెట్టెలు తర్వాత కొందాం" అన్నారు. ఈ హాలుకు పెద్ద ఆంప్లిఫయరు దండగట, చిన్నదే మంచిది కొనమన్నారు. శబ్దం గోడలకు కొట్టి మార్మోగకుండా కిటికీలకు దళసరి పరదాలు కట్టించారు. నాన్న మొహం చిన్నబోయింది. వాట్లు ఎక్కువైతే తప్ప గొప్పేముంది అని ఆయన బాధ.

ఆంప్లిఫయరు, రికార్డు ప్లేయరు మద్రాసు నుంచి వచ్చాయి. స్పీకరు పెట్టెలు మాత్రం ఆపరేటరు గారు దగ్గరుండి మా వీధి వడ్రంగి చేతనే చేయించారు. లోపల కూరడానికి బూరుగు దూది కావాలంటే నానమ్మ తన పాత దిండు విప్పి ఇచ్చింది. అప్పటినుంచీ వాటిలో ఒకటి నానమ్మకు "నా దిండు" అయిపోయింది. నాన్న రెండు పెట్టెల్నీ బీరువా నెత్తిన, వీధిలో పోయేవాళ్ళకు కనపడేలా ఎక్కించారు. ఆపరేటరు గారు వాటిని దించి, కూర్చున్న మనిషి చెవి ఎత్తులో, కుడివైపొకటి ఎడమవైపొకటి స్టూళ్ళ మీద పెట్టారు.

అంతటితో అయిపోయిందనుకున్నాం. ఆయన మాత్రం హాలు మధ్యలో పేము కుర్చీ వేసి, ఇంట్లో ప్రతి ఒక్కరూ వచ్చి కూర్చోవాలన్నారు. కళ్ళు మూసుకోవాలి, ఆయన వేసే సన్నాయి రికార్డు ఏ పెట్టెలోంచి వస్తే అటు చెయ్యి చూపాలి. కొత్త హాలు తెరిచేముందు ఊడ్చే మనిషిని కూడా కూర్చోబెట్టి ఇలాగే అడిగేవారట. నాన్న, నేను, నానమ్మ ముగ్గురం సరిగ్గానే చూపించాం. అమ్మ పొయ్యి మీద పప్పు ఉందంది, ఇవి తనకెందుకంది. "వంటింటి వాళ్ళూ టిక్కెట్టు కొన్నట్టే చెల్లెమ్మా" అని ఆయన వదల్లేదు. అమ్మ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది.

కుడి పెట్టె మోగింది. కుడికి చూపింది. ఎడమ పెట్టె మోగింది. మళ్ళీ కుడికే చూపింది. ఆపరేటరు గారు నాలుక కరుచుకుని, తప్పు తనదే, వైర్లు ఎక్కడో కలిశాయన్నారు. మరలు విప్పి, బిగించి, మళ్ళీ మోగించారు. అమ్మ కుడికే చూపింది. ఈసారి రెండు పెట్టెల వైర్లూ అటువి ఇటు, ఇటువి అటు మార్చారు. అయినా కుడికే. అంత అనుభవం ఉన్న మనిషీ అరగంటసేపు వైర్లనే అనుమానించారు కానీ మనిషిని అనుమానించలేదు. మద్రాసువాడు మోసం చేశాడని, మూట కట్టి వెనక్కి పంపేస్తానని నాన్న కేకలేస్తున్నారు. కుర్చీలో అమ్మ కళ్ళు గట్టిగా మూసుకుని, పమిట చెంగు వేలికి చుట్టుకుంటోంది.

ఆయన ఆ వేళ్ళు చూశారు. స్క్రూడ్రైవరు కింద పెట్టేశారు. సన్నాయి ఆపి, అమ్మకు ఎడమపక్కగా వచ్చి వంగి, మెల్లిగా, "చెల్లెమ్మా, మంచినీళ్ళిస్తావా?" అన్నారు. అమ్మ కదల్లేదు. వెనకగా నడిచి కుడిపక్కకు వచ్చి, అంతే మెల్లిగా అదే మాట అన్నారు. "అయ్యో, తెస్తానన్నయ్య గారూ" అంటూ అమ్మ లేచింది. లేచి, కళ్ళు తెరిచి, మా మొహాలు చూసింది. అంతే, ఆవిడకు అర్థమైపోయింది.

"చిన్నప్పుడు చీము కారి పోయిందండి ఈ చెవి" అంది నేల చూస్తూ. "పెళ్ళప్పుడు మా వాళ్ళు చెప్పొద్దన్నారు. తర్వాత చెప్పడానికి నాకు నోరు రాలేదు."

పెళ్ళయి పద్దెనిమిదేళ్ళు. ఆవిడ ఎప్పుడూ నన్ను తన కుడిపక్కనే పడుకోబెట్టుకోవడం, వీధిలో నా ఎడమవైపే నడవడం, అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. నాన్న తల దించుకున్నారు. నానమ్మ లేచి అమ్మ కుడిపక్కకు వచ్చింది. "నా మంచం నీకు ఎటేపే?" అని అడిగింది.

"ఎడమేపు, అత్తయ్య గారూ."

మా వంటింట్లోంచి హాల్లోకి రెండు గుమ్మాలు. పొయ్యి దగ్గర నిలబడితే అమ్మకు ఎడమవైపు పడే గుమ్మం పక్కనే నానమ్మ మంచం. ఆపరేటరు గారు వైరు ముక్కలన్నీ ఏరి జేబులో వేసుకుంటూ, "వైరింగంతా బాగానే ఉందండీ. మంచం జరపాలి, అంతే" అన్నారు. నాన్నా ఆయనా చెరొక పక్కా పట్టుకుని మంచాన్ని కుడి గుమ్మం పక్కకు జరిపారు. అమ్మకు హాలు ఎడమ గోడవారగా పీట వేశారు, రెండు పెట్టెలూ ఆవిడకు కుడివైపే పడేలా. అప్పుడు అమ్మ "హమ్మయ్య" అంది, నవ్వుతూ, ఏడుస్తూ, నేనెప్పుడూ విననంత గట్టిగా. ఇంకా ఎందుకు ఏడుస్తావని నానమ్మ గదమాయిస్తే, ఇక ఎవరికీ చెప్పక్కర్లేదు కదా అని ఏడుపు వస్తోందంది. ఆ పూట పప్పు మాడిపోయింది. అయినా అందరం కలిసే తిన్నాం.

నానమ్మ గుడివాడ వెళ్ళలేదు. మా దగ్గరే మరో నాలుగేళ్ళు బతికి, కోడలితో చాలా విషయాల మీద పోట్లాడింది కానీ, పలకలేదని మాత్రం మళ్ళీ అనలేదు. ఆపరేటరు గారు ఆ సంగతి బయట ఎక్కడా ఎత్తలేదు. అమ్మతో మాట్లాడాల్సి వస్తే మాత్రం, ఎటునుంచి వచ్చినా సరే, చుట్టూ తిరిగి కుడివైపుకు వచ్చాకే నోరు తెరిచేవారు. ఆయాసం ముదిరాక మాట బాగా సన్నగిల్లిపోయింది. భార్యకే సరిగా అందేది కాదు. అమ్మ రోజూ సాయంత్రం వెళ్ళి, ఆయన నోటి దగ్గర కుడి చెవి పెట్టి, అడిగినవన్నీ అందించి వచ్చేది.

మంగళవారం మధ్యాహ్నం వాళ్ళ వరండాలో ఆయన్ని ఉంచిన పెట్టె దించారు. చర్చివాళ్ళు ఆయన తలవైపు కాస్త దూరంగా నిలబడి పాటలు పాడుతున్నారు. ఆడవాళ్ళ కుర్చీలన్నీ పెట్టెకు ఒకే పక్కన వేశారు. అమ్మ ఒక కుర్చీ ఎత్తుకుని చుట్టూ తిరిగి అవతలివైపుకు వెళ్ళింది. అటు ఎండగా ఉందని, ఇవతలికి రమ్మని ఎవరో చెప్పినా వినలేదు. కుర్చీని రెండుసార్లు కదిపి సరిచూసుకుని, పాడేవాళ్ళకూ పెట్టెకూ మధ్యన, ఆయన తలాపున కూర్చుంది. పాటలు పాడేవాళ్ళు ఆవిడకు ఎడమవైపున ఉన్నారు. కుడి చెవి ఆయన వైపు ఉంది.