శిలువకు సున్నం

మాసిన వస్తువు కనబడితే రాయప్పకు చెయ్యి ఆగదు. చదువుకని వచ్చిన ఈ పరాయి దేశంలో, సిటీ శివారు టార్నీట్‌లో మా అద్దె ఇంట్లోకి వచ్చిన మొదటి రోజే, టీ కూడా తాగకుండా, మేం ముగ్గురం ఏడాదిపాటు ప్రేమగా పెంచుకున్న స్టవ్ మీది జిడ్డునంతా గీకి పారేశాడు. నాకు ఒళ్ళు మండింది. మనిషి శుభ్రంగా ఉంటే ఉండొచ్చుగానీ పక్కవాణ్ణి సిగ్గుపడేలా చెయ్యకూడదు. అయినా మా స్నేహం అక్కడే కుదిరింది, ఆ తర్వాత నేను స్టవ్ తుడవాల్సిన పని పడలేదు కాబట్టి.

ఆ సుఖం రెండు నెలలే. అతను చదివేది నర్సింగు. రెండో సెమిస్టరుకి క్లాసులన్నీ పడమరగా మూడు గంటల దూరంలో ఉన్న క్యాంపస్‌కి మారాయి. ఆ టౌనులో గది దొరక్క, పక్కనే కొరిన్‌గల్ అనే పల్లెకు చేరాడు. గోధుమ పొలాలు, గొర్రెలు, ఒక పబ్బు, ఊరి చివర మిట్టమీద చిన్న రాతి చర్చి, అంతే ఊరు. ఫాదర్ నెలకోసారి వచ్చి పూజ చేసి వెళ్తాడు. మిగతా రోజుల్లో ఆ చర్చికి రాణి, మంత్రి, కాపలా అన్నీ క్లారా డెలానీ అనే ఎనభై నాలుగేళ్ళ ఆవిడే.

క్లారాకు చూపు మందగించింది. సమాధుల మధ్య గడ్డి కోసేవాడు లేడు. రాయప్ప కోస్తానన్నాడు. చర్చి వెనక గది అతనికిచ్చి, జానెడు ఇనప తాళంచెవి చేతిలో పెట్టింది. మా బతుకులు అప్పటికి అడ్వాన్సు బాండు కట్టినా అనుమానంగా చూసే ఇంటి ఏజెంట్ల మధ్య గడుస్తున్నాయి. ఈ దేశంలో తనను నమ్మి తాళంచెవి ఇచ్చిన మొదటి మనిషి ఆవిడేనని రాయప్ప ఫోన్లో పదిసార్లు చెప్పాడు. ఆవిణ్ణి పేరుపెట్టి పిలవడానికి నోరు రాక ‘అమ్మగారూ’ అనేవాడు. కొన్నాళ్ళకు ఆవిడే ఫోనెత్తి ‘అమ్మగారు మాట్లాడుతున్నా’ అనడం మొదలుపెట్టింది.

ఆ సమాధుల నడుమ ఒక రాతి శిలువ ఉంది. ఆరడుగుల ఎత్తు, తల చుట్టూ రాతి చక్రం. ఒళ్ళంతా నాచు, నలుపు, మధ్యమధ్య పసుపు మచ్చలు. ఏమి చెక్కారో, అసలేమైనా చెక్కారో లేదో కూడా తెలిసేది కాదు. దాని కథంతా చర్చి లోపల తలుపు పక్కన పటం కట్టి ఉంది. రాయప్ప ప్రతి వారం ఆ పటం అద్దం తళతళలాడేలా తుడిచాడు, అక్షరం చదవలేదు.

అక్టోబరు చివర ఒకరోజు ఫోన్ చేశాడు.

“ఏరా భార్గవా, శనివారం వస్తన్నావుగా. అక్కడ ఇండియన్ షాపులో నీలిమందు సీసా ఒకటి పట్టుకురా.”

“బట్టలకా?”

“సున్నంలోకిరా.”

“గా ఊర్ల సున్నమెందుకురా నీకు?”

“బుధవారం సమాధుల పండగ. పోయినసారి ఆ పెద్ద శిలువను చూశావుగా, ఎట్టా పడుందో. ఆ సమాధి తాలూకు వాళ్ళెవరూ మిగల్లేదనుకుంటా పాపం.”

రాయప్పది బాపట్ల దగ్గర పల్లె. వాళ్ళల్లో నవంబరు రెండుకి ముందే ఇంటిల్లిపాదీ వెళ్ళి తమవాళ్ళ సమాధులకు సున్నం కొట్టి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. మాసిన సమాధి కనబడిందంటే ఊరంతా ఆ ఇంటివాళ్ళను ఆడిపోసుకుంటుంది. అతన్ని పెంచిన నాయనమ్మ సుగుణకుమారి సమాధికి ఆరేళ్ళుగా సున్నం కొట్టింది రాయప్పే. వేరేవాళ్ళు కొడితే చారలు పడతాయని కుంచె ఇంకొకరికి ఇచ్చేవాడు కాదు. ఆ ఏడు మొదటిసారి దూరంగా ఉన్నాడు. చేతులు ఊరుకోవడం లేదు.

శనివారం మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి సున్నం బకెట్టులో మూడు రోజులుగా నానుతోంది. గంజి కాచి సిద్ధంగా పెట్టాడు.

“అమ్మగారిని అడిగినవా?” అన్నాను.

“కూతురింటికి ఎళ్ళింది, రేపొద్దున వస్తది. అయినా మంచిపనికి పర్మిషన్ ఏందిరా?”

నీలిమందు కలపడం నా వంతు. మూడు చుక్కలు చాలన్నాడు. నా చెయ్యి నిదానం లేనిది, అయిదు పడ్డాయి. మొదటి పూతకు ఏమీ కనబడలేదు. రెండో పూత ఆరేకొద్దీ శిలువ తెల్లబడి, ఆపైన లేత నీలానికి తిరిగింది. అచ్చం మా జగిత్యాలలో పెళ్ళివారి ఇల్లులా ఉంది. క్లారా పెరటి గులాబీలే కోసుకొచ్చి కింద పెట్టాం. గాలికి ఆరకుండా జాము సీసాల్లో కొవ్వొత్తులు నిలబెట్టాం. రాయప్ప మోకాళ్ళమీద కూర్చుని వాళ్ళ నాయనమ్మ పేరు చెప్పి ప్రార్థన చేశాడు. చెప్పొద్దూ, దేవుడి విషయంలో బద్ధకస్తుణ్ణి నేను, అయినా పక్కనే మోకాళ్ళమీద కూర్చున్నాను.

ఆదివారం పొద్దున క్లారా కారు దిగింది. చేతికర్ర ఊపుకుంటూ నాలుగడుగులు వేసి ఆగిపోయింది. రాయప్ప చిన్నపిల్లాడిలా నవ్వుతూ ఎదురెళ్ళాడు. ఆవిడ అతన్ని దాటి శిలువ దగ్గరకెళ్ళి, వేలితో రుద్ది, వేలివంక చూసుకుంది.

“ఎవరు చేశారీ పని?” అంది ఇంగ్లీషులో, చాలా మెల్లగా.

“నేనే అమ్మగారూ.”

“మా ముత్తాత దీన్ని ఐర్లండ్‌లో కూలిపోయిన గుడి నుంచి గడ్డిలో చుట్టి ఓడెక్కించాడు. ఇక్కడి రేవు నుంచి ఎద్దుల బండిమీద పందొమ్మిది రోజులు. దీని వయసు తొమ్మిది వందల ఏళ్ళు. ఇన్నేళ్ళలో దీనిమీద కుంచె పెట్టినవాడు లేడు.”

“తొమ్మిది వందలు,” అన్నాడు రాయప్ప. అతని మొహం కూడా సున్నంలాగే ఉంది.

ఆవిడ చెయ్యి చాచింది. అతను జేబులోంచి తాళంచెవి తీసి అందులో పెట్టాడు.

“గురువారం రాళ్ళ పని తెలిసినావిడను పిలిపిస్తాను. రాయి పాడైందని ఆవిడ అంటే ఆ రోజే సామాను సర్దుకో.”

నేను యూనివర్సిటీ క్లాసులు ఎగ్గొట్టి అక్కడే ఉండిపోయాను. రాయప్ప నాలుగు రోజులు సరిగా తిండి తినలేదు. గది పోతుందని కాదు అతని దిగులు. నమ్మి ఇచ్చిన తాళంచెవిని తన చేత్తో తిరిగి ఇవ్వాల్సి వచ్చిందే, అదీ. అతన్ని గట్టెక్కించడానికి నాకు తోచిన ఉపాయాలు చెప్పాను.

“పిట్టలు రెట్టలేసినయని చెప్పురా.”

“ఆరడుగుల రెట్టా?”

“మరేం జేస్తవ్?”

“పొద్దున్నే లేచి ఇనప బ్రష్షు పెట్టి తోమేద్దాం ఇద్దరం. రాయి ఎట్టా ఉన్నది అట్టా వచ్చేస్తది.”

అతను స్నానానికి వెళ్ళగానే ఆ బ్రష్షు తీసి నా బ్యాగులో అడుగున దాచేశాను. తెలివితో కాదు. తోమాల్సి వస్తుందని.

గురువారం సాయంత్రం సెరీనా అనే ఆవిడ వచ్చింది. భూతద్దం పెట్టి అంగుళం అంగుళం చూసింది. క్లారా కర్రమీద రెండు చేతులూ ఆనించి నిలబడింది.

“ఏ పెయింటు వాడావు?” అంది సెరీనా.

“పెయింటు కాదు మేడమ్, సున్నం. మూడు రోజులు నానబెట్టి గంజి కలిపాను.” ఎంత నీళ్ళు, ఎంత గంజి, ఏ పూత ఎంతసేపు ఆరాలి, అంతా వైవాలో అప్పజెప్పినట్టు చెప్పాడు. సెరీనా నోటుబుక్కు తీసి రాసుకుంది.

“పెయింటో సిమెంటో అయితే కొన్నాళ్ళకు రాయి లోపలి తేమ బయటికి రాలేక పొరలు లేవడం మొదలయ్యేది. ఇది సున్నపురాయి, మీద పడింది సున్నం. కంగారు లేదు. నాలుగైదు ఏళ్ళ వానలకు అదే పోతుంది. ఎవరూ దీన్ని తోమకపోవడం మీ అదృష్టం. తోమి ఉంటే చెక్కడమంతా పోయేది.”

రాయప్ప నావంక చూశాడు. నేను ఆకాశంవంక చూశాను.

“ఈ నీలం ఎందుకు?” అందావిడ. అప్పుడు మాత్రం రాయప్ప ఆలస్యం చెయ్యకుండా నన్ను చూపించాడు.

క్లారాకు కోపం తగ్గలేదు. “నాలుగైదేళ్ళు నేనుంటానా? దీన్నిలా చూస్తూనే పోవాలా?” అంటూ దగ్గరకు వెళ్ళింది. పొద్దు వాలి ఎండ పక్కనుంచి పడుతోంది. మచ్చలన్నీ కప్పబడిపోయిన ఆ తెలుపుమీద, కనబడని గీతల్లో కూడా సన్నగా నీడలు నిలిచాయి. తాళ్ళు పేనినట్టు అల్లికలు పైనుంచి కిందికి దిగుతున్నాయి. ఆవిడ వంగింది. ఇంకా వంగింది. రాయప్ప పరుగున వెళ్ళి మోచెయ్యి పట్టుకున్నాడు.

శిలువ మొదలు దగ్గర, నేలకు మూరెడు ఎత్తున, అరచేయంత మనిషి. చేతులు రెండూ పైకెత్తి ఉన్నాడు.

“మా నాన్నమ్మ చెప్పేది,” అంది క్లారా. “ఈ రాతిలో ఒక చిన్న మనిషి ఉన్నాడని. చిన్నప్పుడు ఎన్ని రోజులు వెతికానో. నన్ను ఊరుకోబెట్టడానికి అబద్ధం చెప్పిందనుకున్నాను. ఎనభై ఏళ్ళు ఆవిడ మాట నమ్మలేదు నేను.”

వేలికొనతో ఆ బొమ్మ చేతుల్ని తడిమి ఏడ్చింది. నాయనమ్మ మాట వినగానే రాయప్పా ఏడ్చాడు. నా కళ్ళలో సున్నం పడిందని చెప్పాను, ఎవరూ అడగకపోయినా.

కాసేపటికి ఆవిడ సంచిలోంచి తాళంచెవి తీసింది.

“మళ్ళీ ఈ రాయి జోలికొస్తే నీ చేతులు విరగ్గొడతాను. కానీ నా వంతు వచ్చినప్పుడు నాకు నువ్వే వెయ్యాలి. ఆ నీలం కలిపి.”

చదువైపోయాక రాయప్పకు డార్విన్ ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. క్లారా అయిదేళ్ళకు పోయింది. నున్నటి గ్రానైటు మీద సున్నం నిలవదని ఎవరు చెప్పారో ఏమో, తనకు మామూలు సిమెంటు దిమ్మ చాలని రాసిపెట్టి మరీ పోయింది. ఏటా అక్టోబరు చివర రాయప్ప నాలుగు గంటలు విమానంలో, మూడు గంటలు నా కారులో వచ్చి సున్నం కొట్టి, తాళంచెవి నా దగ్గర పెట్టి వెళ్తాడు. పెద్ద శిలువ వానలకు మళ్ళీ నల్లబడింది. చిన్న మనిషి నాచు వెనక్కి వెళ్ళిపోయాడు. ఎక్కడున్నాడో మాకు తెలుసు.

పోయిన ఏడాది అతనికి సెలవు దొరకలేదు. “తాళంచెవి నీ దగ్గరే ఉందిగా,” అన్నాడు, అంతకుమించి అడగలేదు. జీవితంలో సొంత స్టవ్ తుడవని నేను మూడు రోజుల ముందే సున్నం నానబెట్టి, గంజి కాచి, ఒక్కణ్ణే మూడు గంటలు కారు నడుపుకుంటూ వెళ్ళాను. మొదటి పూత వేసి ఫోన్ చేశాను.

“నీలిమందు ఎన్ని చుక్కలురా?”

“మూడు చాల్రా,” అన్నాడు రాయప్ప.

“అమ్మగారి కంటికి మూడు ఆనయిరా,” అని అయిదు వేశాను.