నేను చూశానన్న క్లచ్ ప్లేటు

తొంభైల మధ్యలో మా కృష్ణా జిల్లా పల్లపు ప్రాంతంలో కారు పాడైతే సరైన సామాను సంపాదించడానికి అందరూ ఒప్పుకున్న పద్ధతి ఒక్కటే ఉండేది. పాడైన భాగాన్ని విప్పించి, సిమెంటు సంచి కాగితంలో చుట్టి, చంకలో పెట్టుకుని గుడివాడ బస్సెక్కడం, షాపు కౌంటరు మీద దాన్ని పెట్టి "ఇలాంటిది ఇవ్వండి" అనడం. పేర్లూ నంబర్లూ ఎవరికీ అక్కర్లేదు. కౌంటరు వెనక ఉన్నవాడు ఆ పొట్లం విప్పి, పాతదాన్ని తిప్పి చూసి, అలమారలోంచి దాని జోడు తీసి, రెండింటినీ పక్కపక్కన పెట్టి చూపించాలి. ఇందులో చదువుకున్నవాడు చెడగొట్టడానికి ఏమీ లేదనిపిస్తుంది. నేను చెడగొట్టాను.

నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. బందరులో బీకాం పూర్తిచేసి, బ్యాంకు పరీక్షలు రెండుసార్లు తప్పి, ఖాళీగా ఉండకూడదని నాన్నగారు (ఆయన తాలూకాఫీసులో గుమాస్తా, ఆయనకి తెలియనివాళ్ళు లేరు) చెప్పించగా గుడివాడలో ఒక కారు స్పేరుపార్టుల షాపులో చేరాను. రోజూ పొద్దున్నే బందరులో ప్యాసింజరెక్కి వెళ్ళి, సాయంత్రం తిరిగి వచ్చేవాణ్ణి. మా వంశంలో అంతవరకూ అందరూ బడిపంతుళ్ళూ గుమాస్తాలే కాబట్టి, గ్రీజు అంటే ఇంట్లో అంటరాని పదార్థం కింద లెక్క. అమ్మ నా తెల్ల చొక్కాలకి గంజి పెట్టి, నీలం వేసి, "మరకలు తేకురా" అని చెప్పి పంపేది. నేను తేలేదు. పొట్లాలు ముట్టుకుంటేగా మరకలు అయ్యేది! దానికి బదులు షాపులో ఒక మూల దుమ్ముకొట్టుకుపోయి ఉన్న లావుపాటి ఇంగ్లీషు కేటలాగు తీసి, దులిపి, కౌంటరు మీద పెట్టుకున్నాను. ఎవరొచ్చినా "బండి ఏ సంవత్సరం మోడలు? సీ బుక్కు తెచ్చారా?" అని బండి రిజిస్ట్రేషను పుస్తకం అడిగి, కేటలాగు పేజీలు తిప్పి, నంబరు చూసి, పెట్టె తీసి ఇచ్చేవాణ్ణి. చాలావరకు సరిపోయేవి కూడా. దాంతో నాకు పొగరెక్కింది. మెకానిక్కులు నాకు కేటలాగు బాబు అని పేరు పెడితే, అది బిరుదనుకుని నలుగురికీ చెప్పుకున్నాను.

ఒకరోజు మోపిదేవి నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. యాభై దాటి ఉంటాయి, ఖాకీ చొక్కా, నుదుట విభూతి. సొంతానికి ఒక పాత అంబాసిడరు ఉంది, అందులో భక్తుల్ని గుడికి తిప్పుతాడు. అందరూ బాబాయి అంటారట, నేనూ అలాగే పిలిచాను. క్లచ్ ప్లేటు పోయింది. పొట్లం కౌంటరు మీద పెట్టి, విప్పబోయాడు.

"ఉండండి ఉండండి, విప్పకండి" అన్నాను చొక్కా వెనక్కి లాక్కుంటూ. "సీ బుక్కు ఉందా?"

"ఉంది బాబూ. అయితే అది మొదట పెట్రోలు బండి. తరవాత మేవేం చేశామంటే—"

"హిస్టరీ అక్కర్లేదు బాబాయ్, బుక్కివ్వండి చాలు."

పాపం ఆయన నోరు మూసుకుని బుక్కిచ్చాడు. అందులో సంవత్సరం ఉంది, పెట్రోలు అని ఉంది. కేటలాగు తిప్పాను, నంబరు దొరికింది, సీలు వేసిన పెట్టె తీసి చేతిలో పెట్టాను. "పాతది కూడా ఒకసారి చూస్తారేమో" అని గొణిగాడు. "అది ఇక్కడ ఉంచి వెళ్ళండి, చూస్తాను" అని పొట్లాన్ని స్కేలుతో (అవును, చేత్తో కాదు, స్కేలుతో) కౌంటరు కిందికి తోసేశాను. ఆయన రెండు చేతులూ జోడించి వెళ్ళిపోయాడు.

మూడో రోజుకి మళ్ళీ వచ్చాడు. ప్లేటు ఎక్కట్లేదట. క్లచ్ ప్లేటు మధ్యలో ఒక రంధ్రం, దాని చుట్టూ పళ్ళు ఉంటాయి. ఆ పళ్ళు గేరుబాక్సులోంచి వచ్చే ఇరుసు పళ్ళలో ఇమడాలి. ఇమడట్లేదు. "మా మేస్త్రీ పొద్దున్నుంచీ చూశాడు బాబూ. ఇది మన బండిది కాదు బావా అంటున్నాడు. పాతదీ కొత్తదీ పక్కన పెట్టి చూశారా మీరు?"

ఇక్కడ నేను ఒక్క నిమిషం ఆగాలి. కౌంటరు కింద, నా మోకాలికి తగిలేంత దూరంలో ఆ పొట్లం ఉంది. వంగి, తీసి, ముడి విప్పితే సరిపోయేది. పక్కన ఇద్దరు మెకానిక్కులు నిలబడి ఉన్నారు, నా వైపే చూస్తున్నారు. నేను "చూశాను" అన్నాను.

ఒక్క మాట. దాన్ని నిలబెట్టుకోవడానికి ఇంకో పది మాటలు కావలసి వచ్చాయి. "రెండూ ఒకటే బాబాయ్. కొత్తది కదా, బిగుతుగా ఉంటుంది. మీ మేస్త్రీకి ఎక్కించడం రాలేదేమో." అక్కడితో ఊరుకున్నా బాగుండేది. షాపు కాగితం ఒకటి తీసి, కేటలాగు ప్రకారం ఇదే సరైన భాగమని ఇంగ్లీషులో రాసి, కింద సంతకం చేసి, షాపు స్టాంపు కూడా గుద్ది ఇచ్చాను. ఆయన దాన్ని మడిచి, గుడి పటం పక్కన పెట్టుకునేవాడిలా జేబులో భద్రంగా పెట్టుకున్నాడు.

మూడోసారి వచ్చినప్పుడు ఆయన చేతిలో ఏమీ లేదు. ఊరికే వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. "మా బావకీ నాకూ మాటల్లేవు బాబూ" అన్నాడు. బావ అంటే ఆ మేస్త్రీనే. చుట్టరికం లేదు, ముప్పై ఏళ్ళ స్నేహం. ఈయన బండి కొన్న రోజు నుంచీ దాని మీద ఇంకో మేస్త్రీ చెయ్యి పడలేదు. పొద్దున టీ, సాయంత్రం టీ ఇద్దరూ కలిసే. "మీ కాయితం చూపించాను. బాబు చూశాడంటరా, రెండూ పక్కన పెట్టి చూశాడంట అన్నాను. చూసుంటే ఇదిచ్చేవాడు కాదు, చూళ్ళేదన్నాడు బావ. అంత చదువుకున్నాయన అబద్ధం చెప్తాడా, నీకే చేతగాలేదు అన్నాను. నోరు జారింది బాబూ. అయితే ఆ కాయితాన్నే బిగించుకో పో అని చేతులు తుడుచుకుని లోపలికి పోయాడు."

"మరి బండి?"

"బండి ఆడి షెడ్డులోనే ఉంది. గేరుబాక్సు కింద ఉంటే ఎట్టా కదుల్తది? నేను రోజూ ఎదురుగా టీ కొట్టులో కూర్చుని చూసొస్తన్నా. ఆడూ నన్ను చూస్తాడు. నేనూ చూస్తా. ఆ టీ కొట్టాయన మా ఇద్దరికీ మధ్య నలిగిపోతన్నాడు."

నవ్వు వచ్చే మాటే. నేను నవ్వాను కూడా. ఆయన వెళ్ళాక మా షాపు షావుకారు గారు (ఆ వారమంతా సరుకు కోసం బెజవాడలో ఉండి, అప్పుడే వచ్చారు) కౌంటరు కిందికి వంగి, "ఏవిఁటయ్యా ఈ పొట్లం?" అంటూ తీసి విప్పారు. ఆయన బొటనవేలితో ఆ మధ్య పళ్ళని ఒకసారి తడిమారు. అంతే. "ఇది డీజిలుది. ఎవరు తెచ్చారు?"

"సీ బుక్కులో పెట్రోలని ఉందండీ" అన్నాను.

ఆయన ఆ ప్లేటుని నా ముందు కౌంటరు మీద పెట్టారు. "బాబూ, మన వైపు పెట్రోలు అంబాసిడర్లు ఎక్కడున్నాయయ్యా? అన్నిటికీ ఎప్పుడో పాత ఇంజను పీకేసి వేరే డీజిలు ఇంజను, దాంతోపాటు దాని గేరుబాక్సు పెట్టించేశారు. కొందరు బుక్కులో మార్పిస్తారు, కొందరు మార్పించరు. అందుకే కదా పాతది తెమ్మనేది! ఏదీ, డ్రైవరు చెప్పలేదా నీకు?"

చెప్పబోయాడు, నేనే ఆపాను అనాలి. నేను "లేదండీ, చెప్పలేదు" అన్నాను. "ఒట్టి తెలివితక్కువ మనిషిలా ఉన్నాడే" అన్నారు షావుకారు గారు. ఆ మాట కూడా బాబాయి ఖాతాలోకే వెళ్ళింది. అయితే ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. టీ కొట్టులో ఒకరు, షెడ్డులో ఒకరు, మధ్యలో రోడ్డు. నా ఒక్క మాట వల్ల. ఆదివారం షాపు సెలవు. సరైన ప్లేటు ఉన్న పెట్టె, ఆ పాత పొట్లం సంచిలో వేసుకుని, బందరు నుంచి మోపిదేవి బస్సెక్కాను. దారంతా ఏం చెప్పాలో వల్లె వేసుకున్నాను. ఇద్దరినీ ఒకచోట నిలబెట్టి, "తప్పు నాది, నేను చూడలేదు" అని చెప్పేయాలి. వాళ్ళు కలిసిపోవాలి. తిట్టినా పడాలి.

షెడ్డు గుడికి వెళ్ళే దారిలోనే ఉంది. దిమ్మల మీద అంబాసిడరు, కింద గోనెపట్టా కప్పిన గేరుబాక్సు. బాబాయి టీ కొట్టులో కనిపించలేదు. మేస్త్రీ సన్నగా, పొడుగ్గా, మాట తక్కువ మనిషి. పెట్టె చేతికిస్తే విప్పి, షావుకారు గారు చేసినట్టే బొటనవేలు పళ్ళ మీద తిప్పాడు.

"ఇది వేరే సరుకు."

"అవునండీ."

"పాతది చూశావా ఆ రోజు?"

"లేదండీ."

"చూశానన్నావంట?"

ఆయన ఒక టార్చిలైటు నా చేతిలో పెట్టి, "కిందకి దూరి పట్టుకో" అన్నాడు. గంజి పెట్టిన తెల్ల చొక్కాతో నేల మీద వెల్లకిలా పడుకుని కారు కిందికి పాకాను. ప్లేటు ఇరుసు మీదికి చేరి, చిన్న చప్పుడు చేసి, వెన్నలా జారి కూర్చుంది. సరిగ్గా అప్పుడే రోడ్డు మీంచి కేక వినిపించింది. "బాబే! కేటలాగు బాబే! ఆయనే స్వయంగా వచ్చాడ్రా!" బయటికున్న నా కాళ్ళనీ, పక్కనే ఉన్న షాపు పెట్టెనీ చూసి బాబాయి పరుగెత్తుకొచ్చాడు.

పాకి బయటికొచ్చాను. ఒంటి నిండా గ్రీజు. ఆయన వంగి లోపలికి చూసి, "ఎక్కిందా! చూశావా, తెలిసినోళ్ళు పక్కనుంటే ఎట్టా ఎక్కిందో!" అన్నాడు.

"బాబాయ్, అది కాదు. ఇది వేరే ప్లేటు. మొన్నటిది తప్పు. తప్పు నాది."

"ఇదీ అదే పెట్టెగా బాబూ?"

"పెట్టె ఒకేలా ఉంటుంది, లోపల వేరు. నేను పాతది విప్పి చూడలేదు. చూశానని అబద్ధం చెప్పాను."

ఆయన మొహం మెత్తబడింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా గుండె తేలికపడింది, నమ్మాడనుకున్నాను. ఆయన మేస్త్రీ వైపు తిరిగాడు. "చూడరా ఆ బాబు గొప్పతనం! బందరు నుంచి ఆదివారం పూట వచ్చి, చొక్కా పాడుచేసుకుని, నీ తప్పు తన నెత్తినేసుకుంటున్నాడు. మనిద్దరం కలవాలని. నువ్వొక్కసారైనా పొరపాటైంది బావా అన్నావా?"

"కాదు బాబాయ్, నిజంగా నేను—"

"నువ్వాగు బాబూ. స్టాంపేసి ఇచ్చినోడివి, నువ్వు అబద్ధమెందుకు చెప్తావు?"

నేను ఎంత మొత్తుకుంటే ఆయన దృష్టిలో అంత మంచివాణ్ణవుతున్నాను, మేస్త్రీ అంత మొండివాడవుతున్నాడు. సంచిలోంచి పాత ప్లేటు తీసి చూపించబోయాను. మేస్త్రీ నా చెయ్యి పట్టుకుని ఆపాడు. ఎదురుగా నిలబడ్డ బాబాయిని కాసేపు చూశాడు. వారం తరవాత ఆయన ఆ షెడ్డులో అడుగుపెట్టింది అప్పుడే.

"పొరపాటైంది బావా" అన్నాడు మేస్త్రీ. "మొన్న సరిగ్గా పట్టలేదు నేను."

"అదేదో ఆ రోజే అంటే పోయేదిగా!" అంటూ బాబాయి ఆయన్ని కౌగిలించుకుని, రోడ్డు అవతలికి "మూడు టీలు!" అని కేక పెట్టాడు. టీ కొట్టాయన గ్లాసులు మోసుకుంటూ దాదాపు పరుగెత్తుకొచ్చాడు.

బాబాయి అటు తిరిగినప్పుడు నేను మేస్త్రీతో మెల్లగా అన్నాను, "అలా ఎందుకన్నారండీ? నేను చెప్తున్నాగా." ఆయన చేతులు తుడుచుకుంటూ, "నీ మాట నమ్మి నాతో గొడవ పడ్డాడు. ఇప్పుడది తప్పని తేలితే వారం రోజులు నా మొహం చూడలేడు. మళ్ళీ ఇంకో వారమా?" అన్నాడు. నా చేతిలోంచి టార్చిలైటు తీసుకుని, "పొట్లం విప్పడం నేర్చుకో బాబూ" అన్నాడు. నన్ను తిట్టిన తిట్టల్లా అదే.

గుడివాడ షాపులో ఇంకో రెండేళ్ళు ఉన్నాను. వచ్చిన ప్రతి పొట్లమూ చేత్తోనే విప్పాను. అయినా నా తప్పు నన్ను పట్టించలేదు, పైగా నాకు పేరు తెచ్చింది. మోపిదేవి వైపు దివిసీమ ఊళ్ళ నుంచి డ్రైవర్లు నన్నే అడుగుతూ వచ్చేవారు. ముప్పై ఏళ్ళ అనుభవమున్న మేస్త్రీకి చేతగాని ప్లేటుని గుడివాడ కుర్రాడొచ్చి ఎక్కించాడని బాబాయి ఊరంతా చెప్పాడట. మేస్త్రీ పక్కనే కూర్చుని విని, తల ఊపేవాడట. వచ్చినవాళ్ళకి నిజం చెప్పాలని ఒకటి రెండుసార్లు నోరు తెరిచాను. వాళ్ళు మెచ్చుకుంటూ ఉండగా మధ్యలో ఆపడం మర్యాద కాదనిపించింది.

ఆ ఆదివారం సాయంత్రం బాబాయి నన్ను బస్సు దాకా వచ్చి ఎక్కించాడు. కిటికీలోంచి ఒక పులిహోర పొట్లం లోపలికి పెట్టి, "మీలాంటోళ్ళు అరుదు బాబూ" అన్నాడు. నేను తల దించుకున్నాను. ఆయన దాన్ని వినయమనుకున్నాడు. నల్లమరకల చొక్కాతో, ఒళ్ళో పొట్లం పెట్టుకుని, ఇది తినే అర్హత నాకు లేదు, తినకూడదు అని గట్టిగా అనుకుంటూ కూర్చున్న ఆ కుర్రాడు ఇప్పుడు కూడా నా కళ్ళకి కనిపిస్తూ ఉంటాడు. నిజంగానే అనుకున్నాడు పాపం, మనస్ఫూర్తిగా. పక్క ఊరు చల్లపల్లి వచ్చేసరికి పొట్లం ఖాళీ అయిపోయింది.